పాత కారు బేరము: హైబ్రిడ్డను పేరు

నాలుగైదేండ్లు నడచిన సెడాను కారును కొనదలచిన గృహస్థులు నేడు మన పట్టణములలో పెక్కుమంది కలరు. క్రొత్త కారునకు వలయు సొమ్ము వారికడ లేదు; ఉన్నను అంత వెచ్చించుటకు మనసొప్పదు. ముసలి తలిదండ్రులను ఆసుపత్రికి గొనిపోవుటకును, పిల్లలను బడికి దింపుటకును, ఏడాదికి రెండు మూడు మారులు స్వగ్రామమునకో తిరుపతికో పోయి వచ్చుటకును, వెనుక సీటు విశాలముగ నుండు బండి యొకటి చాలునని వారి కోరిక. అట్టివారు బజారునకు పోగానే ఎదురగు ప్రశ్న యొకటే. అదే బండి పెట్రోలుదియు కలదు, హైబ్రిడ్డుదియు కలదు, దేనిని కొనవలెను? దళారి జవాబు ముందే సిద్ధము. "అయ్యా, హైబ్రిడ్డు తీసికొనుడు, పెట్రోలు సగమునకు సగము మిగులును" అని యతడు చెప్పును. ఆ మాట మీద లక్షలు చేతులు మారుచున్నవి.

ఈ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక మొదటనే చెప్పెదము. పాత సెడానులలో హైబ్రిడ్డు మంచి వస్తువే. కాని అది పట్టణము లోపల దినదినము మిక్కిలిగా తిరుగువానికి మాత్రమే లాభము నిచ్చును. తక్కినవారికి పెట్రోలు కారే తగినది. హైబ్రిడ్డునే కొనదలచినవాడు సైతము పేరును నమ్మక, బ్యాటరీ యొక్క చరిత్రను కాగితము మీద చూచి కొనవలెను.

మొదట పేరు సంగతి. ఈ దేశమున హైబ్రిడ్డను నొక్క మాట క్రింద రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడు పోయినవి. మారుతీ వారి సియాజ్ కారు 2014లో వచ్చినది. 2015లో దాని డీజిలు బండికిని, 2018లో ఒకటిన్నర లీటరు పెట్రోలు బండికిని 'స్మార్ట్ హైబ్రిడ్' అను పేరు పెట్టిరి. ఆ కారు తయారీ 2025లో నిలిచిపోయినను, పాతబండ్ల బజారులో నేటికిని విరివిగా దొరకుచున్నది. అందులో నున్న దేమనగా, ఇంజనునకు బెల్టుతో తగిలించిన చిన్న మోటారొకటి, దానికి తోడు చిన్న లిథియం బ్యాటరీ. కూడలిలో బండి ఆగినప్పుడు ఇంజను ఆగును. క్లచ్చి త్రొక్కగానే చప్పుడు లేక మరల నడచును. వేగము పుంజుకొనునపుడు మోటారు కొంచెము చేయూత నిచ్చును. అంతియే. ఆ కారు విద్యుత్తు మీద మాత్రమే ఒక్క గజమైనను కదలజాలదు. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. అది చక్కని పెట్రోలు కారు. పెట్రోలు కారు వెలకే దానిని కొనవలెనని మాత్రము చెప్పుచున్నాము. 2015లో కేంద్ర ప్రభుత్వము ఫేమ్ పథకము క్రింద ఇట్టి అర హైబ్రిడ్లకు సైతము రాయితీ నిచ్చి, 2017 ఏప్రిలు నుండి మానివేసినది. పేరునకును వస్తువునకును గల దూరమును గుర్తించుటకు సర్కారునకే రెండేండ్లు పట్టగా, సామాన్య గృహస్థు ఒక్క సాయంకాలపు బేరములో దానిని గుర్తింపవలెననుట న్యాయమా?

రెండవది పూర్తి హైబ్రిడ్డు. సెడానులలో మనకు తెలిసిన ఉదాహరణము 2022 మే మాసమున హోండా వారు విడుదల చేసిన సిటీ ఇ:హెచ్‌ఇవి. దీనిలో ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజనుతో పాటు రెండు మోటారులు కలవు. ఒకటి విద్యుత్తును పుట్టించును. రెండవది చక్రములను త్రిప్పును. వీథులలో మెల్లగా పోవునపుడు బండి నడుచునది మోటారు మీదనే. ఇంజను అవసరమైనప్పుడు మేల్కొని విద్యుత్తును పుట్టించును. బ్రేకు వేసినప్పుడు వ్యర్థముగా పోవలసిన శక్తిలో కొంత భాగము బ్యాటరీకి తిరిగి చేరును. హైవే మీద సమవేగముతో పోవునపుడు మాత్రము ఇంజను క్లచ్చి ద్వారా చక్రములతో సూటిగా కలిసి, సామాన్య పెట్రోలు కారు వలెనే పని చేయును. ఈ కడపటి వాక్యమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. బేరమంతయు దానిమీదనే తిరుగును.

ఇచట వకీలుగా రెండు మాటలు చెప్పక తప్పదు. కొంతకాలము క్రిందట ఒక ఉపాధ్యాయుడు తన పదవీ విరమణ సొమ్ములో నుండి కారు కొని, అది విద్యుత్తు మీద నడువకుండుట చూచి మా సలహాకై వచ్చెను. ఆయన కొనినది అర హైబ్రిడ్డు. ఇచ్చినది పూర్తి హైబ్రిడ్డునకు తగు వెల. అమ్మినవాడు నోటితో ఏమేమో చెప్పెను గాని, రసీదులో కారు పేరు, నంబరు తప్ప మరేమియు లేదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 15వ సెక్షను ప్రకారము, వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెను. కాని ఆ వర్ణన యేదో ఋజువు చేయవలసినవాడు కొన్నవాడే. 16వ సెక్షను ఇంకను కఠినము. కొనువాడే జాగ్రత్త పడవలెనన్నది దాని సామాన్య సూత్రము. కొన్ని మినహాయింపులున్నను, వస్తువును పరీక్షించి కొన్నవాడు ఆ పరీక్షలో కనబడదగిన లోపములను గూర్చి తరువాత మొఱపెట్టుకొన వీలులేదు. అమ్మినవాడు వ్యాపారియైనచో వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. ఇరుగుపొరుగు గృహస్థుడైనచో సివిలు కోర్టు తప్ప దారి లేదు. ఆ కోర్టులలో కాలమెట్లు నడచునో మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆర్.సి.లో ఇంధనము ఎదుట 'పెట్రోలు/హైబ్రిడ్' అని యున్నంతమాత్రమున అది పూర్తి హైబ్రిడ్డని రూఢి కాదు. కావున బయానా యిచ్చుటకు ముందు రసీదు మీద కారు యొక్క రకమును, తయారైన సంవత్సరమును, అది విద్యుత్తు మీద తానుగా నడుచునా లేదా యను మాటను వ్రాయించుకొనవలెను. వ్రాయనన్న వానివద్ద కొననక్కరలేదు.

ఇక లెక్క. కాగితము, కలము తీసికొని పాఠకులును మాతో కూడ వేయుదురు గాక. ఇందలి వెలలు లెక్క నిమిత్తము మేము పెట్టుకొన్నవి. ఎవరి యూరి ధర వారు పెట్టుకొనవచ్చును. లీటరు పెట్రోలు 110 రూపాయలనుకొందము. ఒకే వయస్సు గల ఆటోమేటిక్ పెట్రోలు సెడానుకును, పూర్తి హైబ్రిడ్డు సెడానుకును బజారులో మూడు లక్షల తేడా యనుకొందము. హోండా సిటీ విషయమున కంపెనీ చెప్పిన మైలేజి, ఆటోమేటిక్ పెట్రోలు బండికి లీటరునకు 18.4 కిలోమీటర్లు, 2022 నాటి హైబ్రిడ్డుకు 26.5. ఈ సంఖ్యలు పరీక్షశాలలోనివి. మన వీథులలో, ఏ.సి. వేసికొని, ఆటోల నడుమ నడుపునపుడు పెట్రోలు బండి 12, హైబ్రిడ్డు 20 ఇచ్చుననుకొనుట హైబ్రిడ్డునకు అన్యాయము కాదు.

ఏటికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు పెట్రోలు బండి 667 లీటర్లు త్రాగును, హైబ్రిడ్డు 400. మిగులు 267 లీటర్లు, అనగా ఇరువదితొమ్మిది వేల రూపాయలు. మూడు లక్షలు తిరిగివచ్చుటకు పదేండ్లు దాటును. అదియు వడ్డీ లెక్కింపకుండ. ఆ మూడు లక్షలను నూటికి ఏడు వడ్డీకి బ్యాంకులో వేసికొన్నచో ఏటికి ఇరువదియొక్క వేలు వచ్చును. అనగా హైబ్రిడ్డు కొన్న యీ గృహస్థునకు నిజముగ మిగులునది ఏడాదికి ఎనిమిది వేలు. ఈ మాత్రమునకై మూడు లక్షలు ఎక్కువ పెట్టుమని మేమెవ్వరికిని సలహా చెప్పజాలము.

ఏటికి ఇరువది వేల కిలోమీటర్లు, అంతయు పట్టణములోనే, తిరుగువాని సంగతి వేరు. ఆతనికి 667 లీటర్లు మిగులును, డెబ్బదిమూడు వేలు. నాలుగేండ్లకు కొంచెము పైబడి అసలు తిరిగివచ్చును; వడ్డీ తీసివేసినను ఆరేండ్లు దాటదు. హైదరాబాదులో ఒక మూల నుండి మరియొక మూలకు దినదినము ఉద్యోగమునకు పోవువారును, ఊరంతయు తిరిగి రోగులను చూచు వైద్యులును, మార్కెటింగు పనివారును ఈ తరగతి. వారు హైబ్రిడ్డు కొనుట వివేకమే.

అదే ఇరువది వేలు హైవే మీద తిరుగువాడున్నాడు. విజయవాడలో కాపురముండి వారమువారము హైదరాబాదునకు పోయి వచ్చు వ్యాపారి వంటివాడు. అచట పెట్రోలు బండియు పదునేడు ఇచ్చుననుకొందము, హైబ్రిడ్డు ఇరువదియొకటి. మిగులు 224 లీటర్లు మాత్రమే. మూడు లక్షలు తీరుటకు పండ్రెండేండ్లు. కారణము పైన చెప్పితిమి. సమవేగముతో పోవునపుడు బ్రేకు లేదు, ఆగుట లేదు, తిరిగివచ్చు శక్తియు లేదు. "నేను చాల దూరము తిరుగుదును గనుక నాకు హైబ్రిడ్డే లాభము" అనువారు మా బార్ రూములో సైతము కలరు. ఎంత దూరము తిరిగితిమన్నది సగము ప్రశ్న మాత్రమే. ఎచట తిరిగితిమన్నది మిగిలిన సగము. గుంటూరు నుండి నేలపాడు హైకోర్టునకు ఖాళీ రోడ్డు మీద పోయి వచ్చు మిత్రులు ఈ లెక్క మరల వేసికొందురు గాక.

వెలలో తేడా లక్షన్నరకు దిగినచో ఫలితము మారును. అప్పుడు ఎనిమిది వేల కిలోమీటర్లవానికి సైతము వడ్డీ మాట విడిచి అయిదేండ్లకు కొంచెము పైబడి తీరును. కావున మూడు లక్షల తేడాకు వద్దన్న బండినే లక్షన్నరకు కొనుమనవచ్చును. మరియొక సంగతి. తరువాత మరల అమ్మునపుడు హైబ్రిడ్డునకు ఎక్కువ వెల వచ్చునుగదా యని కొందఱు వాదింతురు. బ్యాటరీ పూచీ ఇంకను మిగిలియున్న కాలములో ఆ వాదము చెల్లును. అది తీరిన మరునాడు కొనువాడు ఆ తేడా నిచ్చునను నమ్మకము మాకు లేదు. ఇంకొకటి యేమనగా, సిటీ హైబ్రిడ్డు ఆటోమేటిక్ మాత్రమే. గేర్లు మార్చుకొని నడుపుట కష్టము కాదనువాడు మాన్యువల్ పెట్రోలు బండితో పోల్చుకొనవలెను. దాని వెల ఇంకను తక్కువ, పరీక్షశాల మైలేజి 17.8, అప్పుడు హైబ్రిడ్డు లెక్క మరింత బరువెక్కును.

బ్యాటరీ విషయమునకు వత్తము. సిటీ హైబ్రిడ్డు బ్యాటరీకి కంపెనీ యిచ్చిన పూచీ ఎనిమిదేండ్లు గాని, లక్షా అరువది వేల కిలోమీటర్లు గాని, ఏది ముందైన అంతవరకు. 2022లో రోడ్డెక్కిన బండికి అది 2030తో తీరును. పాత కారు కొనువాడు మైలురాయిని గాక, ఈ పూచీలో మిగిలిన కాలమును కొనుచున్నాడని తలంపవలెను. ఆ పూచీ రెండవ యజమానికి ఏ షరతులతో వచ్చునో కంపెనీ వర్క్‌షాపు నుండి వ్రాతమూలముగ తెలిసికొనవలెను. సర్వీసులు తప్పిన బండి, ఎవరో బయటి మెకానిక్కు తీగలు విప్పిన బండి, వారంటీ యడిగినప్పుడు చిక్కులు తెచ్చును.

లిథియం బ్యాటరీకి వేడిమి శత్రువు. మన కోస్తా జిల్లాలలో వేసవి యెట్టిదో వర్ణింపనేల? నీడ లేని చోట నాలుగు వేసవులు నిలిచిన బండికిని, గ్యారేజిలో నున్న బండికిని తేడా యుండును. పైకి రెండును ఒకే మెరుగుతో కనబడును. అనేక హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరచు గాలి పోవు రంధ్రము వెనుక సీటు ప్రక్కన నుండును. దానికి దుమ్ము పట్టినను, సంచులు అడ్డుపెట్టినను బ్యాటరీ కాగి ఆయువు తరుగును. కొనుటకు ముందు ఆ రంధ్రమును వంగి చూచుటకు ఖర్చేమియు లేదు. తరువాత బండిని ఉదయముననే, ఇంజను చల్లగా నున్నప్పుడు, రద్దీ వీథిలో అరగంట స్వయముగా నడుపవలెను. బ్యాటరీ నిండుదనమును చూపు గీతలు క్షణములో నిండి క్షణములో జారిపోవుచున్నచో, ఇంజను ఊరక మాటిమాటికి మేల్కొనుచున్నచో, అనుమానింపవలెను. కడపట కంపెనీ వర్క్‌షాపులో స్కానరు పెట్టించి, బ్యాటరీ స్థితిని అచ్చు వేయించి తీసికొనవలెను.

విజయవాడ చుట్టుపట్ల వారికి ప్రత్యేకముగ నొక హెచ్చరిక. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగరము, దాని ప్రక్క పేటలు మునిగినప్పుడు కారులును మునిగినవి. వరదలో మునిగిన కారు బాగుపడి, రంగు మెరసి, మరియొక జిల్లాలో అమ్ముడుపోవుట వ్యాపారమున క్రొత్త కాదు. పెట్రోలు బండియైనను మునిగినది మంచిది కాదు. హైబ్రిడ్డు సంగతి చెప్పనేల? సిటీలో పెద్ద బ్యాటరీ యుండునది వెనుక సీటు వెనుకనే. సీట్ల క్రింది బోల్టులకు త్రుప్పు, తివాచీ క్రింద ఒండ్రు, డిక్కీ అడుగున చెమ్మవాసన కలవేమో చూడవలెను. ఇన్సూరెన్సు కంపెనీవద్ద ఆ కారు మీద జరిగిన క్లెయిముల వివరము అడుగవలెను.

డిక్కీ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. పెట్రోలు సిటీకి డిక్కీ 506 లీటర్లు, హైబ్రిడ్డునకు 306. పెండ్లికి పెట్టెలు వేసికొని పోవు కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు. మన చిన్న పట్టణములలో పెట్రోలు బండిని ఏ వీథిచివరి మెకానిక్కైనను బాగుచేయును. హైబ్రిడ్డు లోపలి నారింజరంగు తీగలను శిక్షణ లేనివాడు ముట్టరాదు, ముట్టిన ప్రాణాపాయము. కంపెనీ వర్క్‌షాపు దగ్గరలో లేని యూరివారు ఈ యొక్క కారణముననే పెట్రోలు బండితో సరిపెట్టుకొనుట మేలు. హైబ్రిడ్డు తరపున చెప్పవలసినదియు కలదు. ట్రాఫిక్కులో దాని నిశ్శబ్దము, మెత్తని నడక ముసలివారికి నిజముగ సుఖము. బ్రేకు ప్యాడులు తక్కువగా అరుగును. 2022లో భద్రతా సాధనములు కొన్ని హైబ్రిడ్డులో మాత్రమే యుండెను. 2023లో పెట్రోలు బండికిని వచ్చినవి. ఆ సంవత్సరపు భేదమును బేరములో మరువరాదు.

దేశభక్తి పేర హైబ్రిడ్డు కొనుమను వారును కలరు. మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. కావున ప్రతి లీటరు పొదుపు దేశమునకు మేలే, కాదనము. అయితే ఎక్కువ తిరుగువాడు హైబ్రిడ్డెక్కిననే ఆ లీటర్లు మిగులును. ఆదివారము మాత్రము గుడికి పోవు బండిలో మిగులునది అత్యల్పము. సర్కారు మాత్రము ఈ పొదుపును ఎట్లు గౌరవించినది? 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన జి.ఎస్.టి. రేట్లలో ఈ పరిమాణపు పెట్రోలు సెడానుకును హైబ్రిడ్డు సెడానుకును నూటికి నలువదియే. క్రొత్త హైబ్రిడ్డు వెల దిగనంతకాలము పాత హైబ్రిడ్డు వెల దిగుట కష్టము. ఆ భారము కడకు రెండవ యజమాని నెత్తి మీదనే పడును. ఇంకొక చిన్న మోసమును గూడ ఇచటనే బయటపెట్టుచున్నాము. పాత కారు వ్యాపారి కట్టు నూటికి పదునెనిమిది పన్ను ఆతని లాభము మీద గాని కారు మొత్తము వెల మీద కాదు. "జి.ఎస్.టి. అదనము" అని మొత్తము మీద గుంజువానిని లెక్క చూపుమని నిలదీయవలెను.

2023 ఏప్రిలు నుండి పాత బండ్ల వ్యాపారులు రవాణాశాఖ యొద్ద అధికారపత్రము పొందవలెనను నిబంధనలు అమలులోనికి వచ్చినవి. తన వశమైన బండి సంగతి వ్యాపారి శాఖకు తెలుపవలెను. దాని బాధ్యత వహింపవలెను. మంచిదే. కాని యీ నిబంధనలు బండి యెవ్వరి చేతిలో నున్నదో చెప్పును గాని, బండిలో ఏమున్నదో చెప్పవు. హైబ్రిడ్డు కారు వెలలో పెద్ద భాగము కంటికి కనబడని బ్యాటరీలో నుండగా, దానిని గూర్చి అమ్మువాడు నోరు మెదపనక్కరలేకుండుట అన్యాయము. అధికారపత్రము గల వ్యాపారి హైబ్రిడ్డునకు బయానా తీసికొనుటకు ముందు మూడు వివరములు వ్రాసి సంతకము చేసి యీయవలెనని మేము కోరుచున్నాము: అది అర హైబ్రిడ్డా పూర్తి హైబ్రిడ్డా, బ్యాటరీ పూచీ ఏ తేదీతో తీరును, నెల లోపల కంపెనీ వర్క్‌షాపు ఇచ్చిన బ్యాటరీ స్థితి పత్రము. రవాణాశాఖ ఈ మూటిని నిబంధనలలో చేర్చుటకు క్రొత్త కార్యాలయము అక్కరలేదు, క్రొత్త ఉద్యోగి అక్కరలేదు. న్యాయవాద సంఘములును వినియోగదారుల సంఘములును తమ తమ ఊళ్లనుండి ఈ కోరికను వ్రాసి శాఖకు పంపవచ్చును. ఆ పరీక్షకగు రుసుము అమ్మువాడు భరించునా, కొనువాడు భరించునా యనునది బేరములో తేలును. పత్రము మాత్రము బయానాకు ముందే కొనువాని చేతికి రావలెను.